పరగడుపు మాత్రలు

ఆ వేసవిలో మా ఇంట్లో అమ్మకి మాత్ర ఇవ్వని మనిషి లేడు. తిన్నావా అని ఆవిణ్ణి అడిగిన మనిషీ లేడు. ఈ సంగతి నేను మెల్లగా, మర్యాదగా చెబుతానని ఎవరూ ఆశపెట్టుకోవద్దు. మా నాన్న నాకు గుండుసూది అని ఊరికే పేరు పెట్టలేదు.

మాది కుట్టుపని ఇల్లు. కింద పెద్ద గదిలో మిషన్లు, పైన రెండు పడకగదులు, వంటిల్లు. ఏడాదంతా చేతికందిన పని చేసినా, బడులు తెరిచే ముందు రెండు నెలలు మాత్రం ఒక్కటే పని. స్కూలు యూనిఫాంలు, అందులోనూ తెల్లచొక్కాలు. దాన్ని మేం తెల్ల సీజన్ అనేవాళ్ళం. నాన్న గుడ్డ కత్తిరిస్తాడు. అన్నయ్య చేతులు, పక్కలు కలుపుతాడు. వదినవి జేబులు, అంచులు. నావి కాజాలు, గుండీలు, ఆఖర్న ఇస్త్రీ. అమ్మది కాలర్.

కాలర్ అంటే తేలిక అనుకునేవాళ్ళు ఒక్కరోజు కుట్టి చూడాలి. రెండు పొరల మధ్య అట్టలాంటి గట్టి గుడ్డ పెట్టి కుట్టాలి. దాన్ని తిరగేసి, సన్నటి పుల్లతో రెండు మొనలూ బయటికి తోయాలి. ఎక్కువ తోస్తే చిరుగుతుంది, తక్కువ తోస్తే మొన మొద్దుగా ఉంటుంది. బొటనవేలు, మణికట్టు, కుడిభుజం, వంగిన మెడ అన్నీ కలిస్తే ఒక కాలర్. అమ్మ కాలర్ రెండు మొనలూ అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉండేవి. ఆ పని ఇంకెవరూ నేర్చుకోలేదు. ఆవిడ ఉండగా నేర్చుకోవడం ఎందుకన్నారు.

తెల్ల సీజన్‌కి ఒక నియమం ఉంది. తెల్లగుడ్డ బల్ల మీదికి వచ్చిందంటే కింది గదిలోకి తిండి రాకూడదు. నీళ్ళు కూడా రాకూడదు, ఎందుకంటే గంజి పెట్టిన గుడ్డ మీద చుక్క పడితే గుండ్రంగా మచ్చ మిగులుతుంది. పొద్దున సబ్బుతో చేతులు కడుక్కుని కిందికి దిగితే, ఆ రోజు కట్టలు కట్టేదాకా ఏమీ ముట్టకూడదు. ముట్టావా, మళ్ళీ కడుక్కుని, ఆరబెట్టుకుని, నాన్నకి గోళ్ళు చూపించాలి. నేను పుట్టకముందెప్పుడో ఒక నూనె వేలిముద్ర వల్ల కట్టంతా వెనక్కి తిరిగొచ్చిందట. ఆ వేలు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు, శిక్ష మాత్రం మా అందరి కడుపులకీ పడింది.

అందరి కడుపులకీ అని మాటవరసకి అన్నాను. అన్నయ్య దారం తెస్తానని బయటికెళ్ళి వీధి చివర టీ తాగి వచ్చేవాడు. నాన్న గాలి కోసమంటూ వెళ్ళి మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు. వదినా నేనూ దిగే ముందే కడుపు నింపుకునేవాళ్ళం. పొద్దున్నే లేచి మా అందరికీ వండిపెట్టే అమ్మ మాత్రం "మీరు తినండి, నేను తర్వాత" అని చెప్పి ముందుగా దిగి మిషను ముందు కూర్చునేది. ఆ తర్వాత అనేది మధ్యాహ్నం దాటాక ఎప్పుడో వచ్చేది.

ఆవిడ కూర్చోగానే నాన్న వచ్చి అరచేతిలో ఎర్రమాత్ర పెట్టేవాడు.

"వేసుకో. నొప్పి మొదలవకముందే వేసుకుంటే రోజంతా హాయిగా ఉంటుంది."

అమ్మ తలెత్తి నీళ్ళు లేకుండానే గుటుక్కున మింగేది.

"నీళ్ళన్నా తాగమ్మా," అన్నాను ఒకసారి.

"నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే వరస తప్పుతుంది."

"మీ అమ్మ గట్టి మనిషి," అన్నాడు నాన్న గుడ్డ పరుస్తూ. "ఇన్నేళ్ళలో ఆవిడ నోట నొప్పి అన్న మాట వినలేదు నేను."

వినకపోవడం నిజమే. వినాలంటే ఈయన కాసేపు నోరు మూసుకోవాలి కదా. ఆ మాట పైకే అన్నాను. అమ్మ నా వైపు చూసి కళ్ళతోనే వద్దంది. మా ఇంట్లో నాన్నని సమర్థించే డ్యూటీ కూడా ఆవిడదే.

మాకు పని తెచ్చే కాంట్రాక్టరుని రేపటాయన అనేవాళ్ళం. ఏదైనా ఆయనకి రేపటికే కావాలి. సీజన్ సగంలో ఉండగా ఒకరోజు గుమ్మంలో ఆటో ఆపి, తెల్లగుడ్డ తానులు దింపించాడు.

"ఇంకో స్కూలు దొరికింది. పెద్దది. మీ కాలర్ చూసి, ఈ చెయ్యి ఎవరిదో వాళ్ళకే ఇమ్మన్నారు."

నాన్న ఛాతీ వెడల్పయింది. "కాలర్ మా ఆవిడది," అన్నాడు, తనే కుట్టినట్టు.

అమ్మ తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది.

"నాన్నా, అమ్మ చెయ్యి పైకి లేవట్లేదు. వారం నించి వదినే ఆవిడకి తల దువ్వుతోంది. ఉన్న స్కూలే పూర్తయ్యేట్టు లేదు."

"గుండుసూదీ, పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు."

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. పెద్దదాన్ని కావడానికి ఇంకెన్నేళ్ళు పడుతుందో నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

"ఆవిణ్ణి అడగండి పోనీ," అన్నాను రేపటాయనతో.

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి అమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, అవుతుందా?"

"అవుతుంది లెండి," అంది అమ్మ. ఆవిడ అంతకంటే ఏమంటుంది? నలుగురి ముందు అడిగితే ఆవిడకి వచ్చిన జవాబు అదొక్కటే.

ఆ రెండో స్కూలు వచ్చాక అమ్మకి గుండెల కింద మంట మొదలైంది. రాత్రిళ్ళు లేచి కూర్చునేది. నన్ను పిలిచి, మందుల షాపులో మంటకి ఏదైనా పట్టుకురమ్మంది. వెళ్ళాను. షాపతను అడిగీ అడగకముందే గులాబీరంగు సీసా బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవరికో అడగరా?" అన్నాను.

"ఎవరికమ్మా?"

"మా అమ్మకి. రోజూ మీ దగ్గర కొన్న నొప్పి మాత్ర వేసుకుంటోంది. మంట దానివల్లే కాదు కదా?"

"దానికి పైన పూత ఉంటుందమ్మా. పొట్టకేం కాదు."

"తిన్నాక వేసుకోవాలా, తినకముందా?"

"ఎప్పుడైనా పర్లేదు. ఊరంతా వేసుకుంటోంది." అప్పటికే అతని చూపు నా వెనకున్న మనిషి మీదికి పోయింది.

ఇంటికొచ్చి నాన్న దగ్గరున్న ఎర్రమాత్రల పెట్టె తీసి వెలుతురులో పెట్టి చదివాను. చీమ తలకాయంత అక్షరాలు. ఆహారం తర్వాత వేసుకోవాలి. వైద్యుడు చెప్పకుండా వరసగా కొన్ని రోజులకి మించి వాడకూడదు. పొట్టలో పుండు ఉన్నవాళ్ళు వాడకూడదు. పెట్టె తీసుకెళ్ళి నాన్న కత్తెర పక్కన పెట్టాను.

"చదువు."

ఆయన కళ్ళజోడు పెట్టుకోకుండానే చదివాడు. "ఇవన్నీ కంపెనీవాళ్ళు తమ మీదికి రాకుండా రాసుకునే మాటలు. మిషను మీద కూడా రాసుంటుంది, వేలు పెట్టకూడదని. వేలు పెట్టకుండా కుట్టగలవా?"

అన్నయ్య నవ్వాడు. వదిన కూడా నవ్వింది. నేను పైకెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చి, గదిలోకి తేకూడదు కాబట్టి మెట్ల మీద పెట్టి అమ్మని పిలిచాను.

"ఈ డజను అయ్యాక వస్తాను," అంది అమ్మ.

డజను అయ్యాక ఇంకో డజను ఉంటుంది. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కంచం మెట్ల మీదే ఆరిపోయింది. నేనే తీసుకెళ్ళి విసురుగా గట్టు మీద పెడితే వంటింట్లో చప్పుడు కిందిదాకా వినిపించింది. దానికి కూడా నాన్న కసిరింది నన్నే.

గులాబీరంగు మందు పనిచేసింది. మంట తగ్గింది. తగ్గడమే మా కొంప ముంచింది. మంట ఉన్నన్నాళ్ళు అమ్మ అప్పుడప్పుడైనా చెయ్యి ఆపి ఊపిరి పీల్చుకునేది. తగ్గాక అదీ లేదు. మొహం పాలిపోయింది. మెట్లెక్కుతూ సగంలో కూర్చునేది. ఏంటమ్మా అంటే ఎండ అనేది. నిజంగానే ఎండలు మండిపోతున్నాయి కాబట్టి అందరూ నమ్మారు. మా ఇంట్లో తెల్లగుడ్డ మీద ఇంత మచ్చ కూడా పది అడుగుల దూరం నించి పట్టుకునేవాళ్ళున్నారు. తెల్లబడిన అమ్మ మొహం మాత్రం ఎవరి కంటా పడలేదు.

ఒకరోజు పెరట్లో వదిన, అమ్మ గుసగుసలాడుకుంటుంటే వెళ్ళాను. ఇద్దరూ ఆగిపోయారు. అమ్మ వెళ్ళాక వదినని పట్టుకున్నాను.

"ఏం లేదు. అత్తయ్యకి రెండు రోజుల నించి విరేచనం నల్లగా అవుతోందట. తారులాగ. తిన్నది పడలేదేమో అన్నాను."

"ఏం తింటే కదా పడకపోవడానికి?"

"నీకు చెప్పొద్దంది. చెబితే ఇల్లు పీకి పందిరేస్తావట."

"వేస్తాను. రేపు పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను."

"రేపు కట్టలు పంపాలి కదా," అంది వదిన. చెడ్డ మనిషి కాదు వదిన. ఆ ఇంట్లో నాలుగేళ్ళుంటే ఎవరి నోటికైనా ఆ మాటే వస్తుంది.

ఆ రేపు రానే వచ్చింది. నేను అమ్మ చెప్పులు తెచ్చి మెట్ల దగ్గర పెట్టాను. అమ్మ చెప్పుల వైపు చూసి, "మధ్యాహ్నం వెళ్దాం, ఈ కట్ట ఇచ్చేసి," అని మిషను ముందు కూర్చుంది. నాన్న అరచెయ్యి చాపాడు. నేను ఆయన చేతిలోంచి మాత్ర లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. ఆయన పెట్టెలోంచి ఇంకోటి తీశాడు. అమ్మ అది మింగింది. నా వైపు చూడకుండా మింగింది.

కాసేపటికి ఆవిడ మిషను ఆగింది. నేను ఇస్త్రీ చేస్తున్నాను. తలెత్తి చూస్తే అమ్మ ఒళ్ళో ఉన్న కాలర్లని రెండు చేతులతో పోగుచేసి, జాగ్రత్తగా బల్ల మీద అవతలికి జరుపుతోంది. ఎందుకు జరుపుతోందో అర్థం కాలేదు. జరిపాక పక్కకి వంగి, కత్తిరింపు ముక్కలు వేసే బుట్టని దగ్గరికి లాక్కుని అందులో వాంతి చేసుకుంది. తెల్లటి ముక్కల మీద ముదురు గోధుమరంగులో, కాఫీపొడి కలిపినట్టుంది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఎరుపు కలిసింది. ఆవిడ బుట్టని వదల్లేదు.

"చొక్కాల మీద పడలేదు కదా?" అన్నాడు నాన్న.

"లేదండీ," అంది అమ్మ. అని కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది.

ఆ మాటని నాన్న కావాలని అనలేదని చాలామంది చెప్పారు నాకు. కంగారులో నోట్లోంచి వచ్చిందన్నారు. నాకూ తెలుసు. కంగారులో మనిషి నోట్లోంచి లోపలున్నదే వస్తుంది. ఎవరికి క్షమించాలనుంటే వాళ్ళు క్షమించుకోవచ్చు.

ఆస్పత్రిలో అమ్మకి రక్తం ఎక్కించారు. నోట్లోంచి గొట్టం వేసి చూశారు. పొట్టలో పుండు పడింది, దానిలోంచి రక్తం కారుతోంది, ఆ గొట్టంతోనే దాన్ని లోపల ఆపారు. ఇదంతా అయ్యాక డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది. నలుగురం లేచి నిలబడ్డాం.

"ఏం మందులు వాడుతున్నారావిడ?"

"నొప్పి మాత్ర ఒక్కటేనండి," అన్నాడు నాన్న. "పొద్దున ఒకటి. అంతే."

వదిన చెయ్యి పైకి రాబోయి ఆగింది. "మధ్యాహ్నం నేను ఒకటి ఇచ్చేదాన్ని. నా తలనొప్పి మాత్ర. మావయ్యది ఎర్రది, ఇది తెల్లది. ఇది వేరే పేరు."

అన్నయ్య తేలుకుట్టిన దొంగలా నేలచూపులు చూస్తున్నాడు. డాక్టరమ్మ అతని వైపు చూసింది.

"సాయంత్రం నేను," అన్నాడు. "నాకు మోకాలు బెణికినప్పుడు ఇచ్చినవి మిగిలుంటే. అవి కొంచెం గట్టివి."

"మూడూ పట్టుకురండి."

అన్నయ్య పరిగెత్తుకెళ్ళి తెచ్చాడు. ఆవిడ మూడు పెట్టెలనీ పక్కపక్కన పెట్టి చూసింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది.

"పేర్లు వేరు, రంగులు వేరు. మూడూ ఒకే జాతి. రెండైతే అచ్చంగా ఒకే మందు. అంటే ఆవిడ రోజుకి మూడింతలు వేసుకుంటోంది. ఖాళీ కడుపునా?"



"ఖాళీ కడుపునే," అన్నాను నేను. "నీళ్ళు కూడా లేకుండా. మంటకి గులాబీరంగు మందు తాగింది. మూడు రోజులుగా విరేచనం నల్లగా అవుతోందట."

"వయసు అరవై దాటింది కదా. ఈ వయసులో తిని వేసుకున్నా ప్రమాదమే, తినకుండా అయితే మరీ. ఒక్కటే వాడాలి, పనిచేసినంతలో తక్కువ మోతాదు, ఎన్ని రోజులు తప్పదో అన్ని రోజులే. రెండు కలపకూడదు. ఎక్కువకాలం తప్పదంటే పొట్టకి కాపలాగా ఇంకో మందు కలిపి మేం రాస్తాం. ఎవరైనా అడిగారా?"

"షాపతను పూత ఉంది, ఏం కాదన్నాడట," అన్నాడు నాన్న.

"పూత ఉన్నా అంతే. మందు రక్తంలో కలిశాకే పొట్ట లోపలి రక్షణని తగ్గిస్తుంది. పైపూత దాన్నేం ఆపుతుంది? మంటకి తాగిన మందు మంటని ఆపింది, పుండుని కాదు. నల్లగా విరేచనమైన రోజే రావాల్సింది."

"నొప్పి ఎప్పుడూ లేదండి ఆవిడకి," అన్నాడు నాన్న. "ఉంటే చెప్పేది."

అప్పుడు నాకు అదుపు తప్పింది. "లేని నొప్పికి నువ్వు రోజూ పొద్దున్నే మాత్ర ఎందుకిచ్చావు?"

వరండాలో జనం తిరిగి చూశారు. నాన్న గోడవైపు చూపు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు లోపలికి వెళ్ళండి, ఆవిడకి మెలకువ వచ్చింది," అంది.

అమ్మ మంచం మీద చేతికి సూదితో పడుకునుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ముగ్గురిస్తే ముగ్గురివీ వేసుకున్నావా?" అన్నాను. "ఒక్కరికి కూడా చెప్పలేదా, ఇందాకే వేసుకున్నానని?"

"ప్రేమగా ఇచ్చారు," అంది అమ్మ. "వద్దంటే ఏం బాగుంటుంది?"

మంచం చువ్వ పట్టుకుని నిలబడ్డాను. ఆవిణ్ణి పట్టి కుదిపేయాలనిపించింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగని అమ్మకి ఎవరు పెట్టాలో ఆ సామెత చేసినవాళ్ళు చెప్పి చావలేదు.

మర్నాడు నేను బట్టలకి ఇంటికొచ్చేసరికి రేపటాయన గుమ్మంలో ఉన్నాడు. నాన్న ఆయనతో మాట్లాడుతున్నాడు.

"నాలుగైదు రోజుల్లో వచ్చేస్తుంది. వచ్చాక కూర్చుందంటే రెండు రోజుల్లో లాగేస్తుంది. స్కూలువాళ్ళకి కాస్త సర్దిచెప్పండి."

నేను చెప్పులతోనే కింది గదిలోకి వెళ్ళాను. తెల్ల సీజన్‌లో ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ రారు. రెండో స్కూలు కట్టలు, కత్తిరించినవి, కత్తిరించని తానులు, అన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి రేపటాయన ఆటోలో వేశాను. మొదటి కట్ట వేసినప్పుడు ఇద్దరూ నేనేదో సాయం చేస్తున్నాననుకున్నారు. రెండోదానికి నాన్నకి అర్థమైంది.

"ఏం చేస్తున్నావు?"

"తిరిగిచ్చేస్తున్నాను."

"బుద్ధుందా నీకు? వచ్చే ఏడు మన గడప తొక్కుతారా వాళ్ళు?"

"తొక్కొద్దు."

అన్నయ్య వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగవే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? మెల్లగా మాట్లాడుకుందాం."

"కాలర్ నువ్వు కుట్టు, ఆపేస్తాను."

చెయ్యి వదిలేశాడు. వదిన లోపలికెళ్ళి, నేను మోయలేక వదిలేసిన తాను తనే ఎత్తుకొచ్చి ఆటోలో పెట్టింది. నాన్న ఆమె వైపు చూశాడు. కోడలు మావగారి ముందు తలెత్తడం ఆయన అంతకుముందు చూడలేదనుకుంటాను.

రేపటాయన మాత్రం, "కత్తిరించిన గుడ్డ నేనేం చేసుకోను?" అని గొణిగాడు.

"రేపటికి చూసుకోండి," అన్నాను.

ఆ రోజు నించి నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. నాకు అది బాధనిపించలేదు, ఇంట్లో కాస్త నిశ్శబ్దం దొరికిందనిపించింది. బంధువులు పలకరింపుకి వస్తే మాత్రం, "ఆ మాత్రల్లోనే ఏదో కల్తీ ఉంది," అని చెప్పేవాడు. చివరిదాకా ఆయన దగ్గర ఉన్న మాట అదొక్కటే. నేను వంటింట్లోంచి, "కల్తీ మాత్రల్లో కాదు," అనేదాన్ని, బంధువులకి వినపడేలా.

అసలు దెబ్బ అది కాదు. అమ్మ ఇంటికొచ్చి, కింది గదిలో ఖాళీ అయిన మూల చూసి, నన్ను పిలిచింది.

"ఎవరినడిగి ఇచ్చేశావు?"

"నువ్వు చచ్చిపోబోయావు."

"అవి నా కాలర్లు. నా చెయ్యి చూసి ఇచ్చారు. నీ చెయ్యి చూసి కాదు." గొంతులో బలం లేదు, అయినా ప్రతి మాటా గుచ్చుకుంది. "ఇప్పుడు అవి ఎవడో మొద్దు మొనలతో కుట్టి, నా పేరు పోగొడతాడు. నేను మూలకి పడ్డానని ఊరంతా చెబుతాడు."

"చెప్పుకోనీ."

"నీకేం, నీకు మాటలు కుట్టడమొక్కటే వచ్చు," అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఏడ్చాను. దుఃఖంతో కాదు, కోపంతో. ఆవిడ కోసం ఇంటితో యుద్ధం చేస్తే ఆవిడే అవతలి పక్షాన నిలబడింది. అయినా వదల్లేదు. పోలీసులా కంచం పట్టుకుని ఎదురుగా కూర్చుని, తినేదాకా కదిలేదాన్ని కాదు. ఆవిడ నాతో మాట్లాడకుండా, రుచి తెలియని మొహంతో నాలుగు ముద్దలు తిని కంచం జరిపేసేది. భుజం నొప్పి పోలేదు. డాక్టరమ్మ పారాసెటమాల్ మాత్రం వేసుకోవచ్చంది, అదీ చెప్పిన లెక్క దాటకుండా. వేడినీళ్ళ కాపడం పెట్టమంది. వదిన రోజూ పొద్దునా సాయంత్రం కాపడం పెట్టి, చెయ్యి మెల్లగా పైకి లేపించేది. మిగిలిన మాత్రలన్నీ నేను పోగుచేసి పారేశాను. నొప్పిని ఇక మాత్ర మింగి దాచడానికి లేదు కాబట్టి, అమ్మ మొదటిసారి పైకి మూలిగింది. ఆ మూలుగు మిషన్ల చప్పుడులోనూ కింది గదిదాకా వినిపించేది. నాన్న కత్తెర అప్పుడప్పుడు ఆగేది.

కొన్నాళ్ళకి అమ్మ మళ్ళీ మిషను దగ్గరికి దిగింది. నేను వద్దంటే, "కూర్చుంటే పిచ్చెక్కుతోంది," అంది. పొద్దున కాసేపు కుట్టేది. వదిన పక్కన స్టూలు వేసుకుని మొనలు తోయడం నేర్చుకునేది. మొదటి స్కూలుది ఇంకా మిగిలుంది. అది ఆఖరి రోజు. రేపటాయన గుమ్మంలోనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఆటో ఇంజను ఆపలేదు.

"ఎన్ని ఉన్నాయి?" అని అరిచాడు బయటినించి.

"అయిపోవచ్చాయి," అన్నాడు నాన్న.

అమ్మ మిషను మీద సగం కుట్టిన కాలర్ ఉంది. ఆవిడ పెడల్ మీద నించి కాలు తీసింది. ఏమైందోనని నేను ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఒక్క అంగలో దగ్గరికి వచ్చాను.

"ఆకలేస్తోంది," అంది అమ్మ.

నాకు తెలిసినన్నాళ్ళలో ఆ మాట ఆవిడ నోట వినలేదు. వదిన చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. అన్నయ్య మిషను ఆపాడు.

"ఇంకో రెండే కదా," అన్నాడు నాన్న. పాపం, అలవాటు. "అవి అయ్యాక..."

"ఆకలేస్తోందండీ," అంది అమ్మ మళ్ళీ, ఆయన చెవికి సరిగ్గా వినపడనట్టు. లేచింది. నేను చెయ్యి అందించబోతే తీసుకోలేదు. మెట్ల మీద ఒకసారి ఆగి, ఎక్కింది.

నేను వెనకాలే వెళ్ళాను. వడ్డించబోతే గరిటె నా చేతిలోంచి తీసుకుని తనే పెట్టుకుంది. నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా, హడావిడి లేకుండా. నాతో ఇంకా మాట కలపలేదు. నేనూ కలపలేదు. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాను. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"ఆయన బయట నిలబడ్డాడు," అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. రెండోసారి వడ్డించుకుంది.

"నిలబడనీండి," అంది.